విదేశాల పొత్తు - మన పిల్లల చదువు

ఈ నడుమ నలుగురు తెలుగువారు ఎక్కడ కూడినా మాట చివరికి చదువుల మీదికే పోతున్నది. పెండ్లిపందిట్లో కూర్చున్నా అంతే, సంఘం వారి వనభోజనానికి పోయినా అంతే. ‘మీవాడు ఏ దేశములో ఉన్నాడు?’ అన్నది ఇప్పుడు కుశలప్రశ్నలలో ఒకటైనది. పోయిన కార్తికములో గోదావరి ఒడ్డున విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఒక పెద్దమనిషి, ‘ఇక మన పిల్లలు పోనక్కరలేదండీ, విదేశీ విశ్వవిద్యాలయాలే మన దేశానికి నడిచి వస్తున్నవి’ అన్నారు. ఆయన చెప్పినది అబద్ధము కాదు. ఆస్ట్రేలియాకు చెందిన డీకిన్, వులన్‌గాంగ్ విశ్వవిద్యాలయాలు 2024లో గుజరాతులోని గిఫ్ట్ సిటీలో తరగతులు తెరిచినవి. విదేశీయులు ఇక్కడ శాఖలు పెట్టుకొనుటకు యు.జి.సి. 2023లో నియమాలు చేసినది. వాటి ప్రకారము ఇంగ్లండు నుండి సౌథాంప్టన్ 2025లో గురుగ్రాములో మొదలైనది. అయితే నాందేడులో మగ్గం మీదనో, చిన్న దుకాణము మీదనో బ్రతికే ఇంటి పిల్లకు గురుగ్రాము దగ్గరా, జర్మనీ దగ్గరా అన్నది మైళ్ళతో తేలే లెక్క కాదు గదా! ఆ సంగతి విస్తరి ముందు ఎవరూ ఎత్తలేదు. పులిహోర బాగున్నది.

మేము చదివినది మెట్రిక్ వరకే. కాని ఇరవై ఏండ్లకు పైబడి ఒక కళాశాల కచేరీలో గుమాస్తాగా ఉన్నందువల్ల పట్టభద్రుల కాగితాలన్నీ మా చేతిమీదుగానే పోతున్నవి. ఆ కాగితాలలో మాకు తెలిసివచ్చిన కొన్ని సంగతులు పాఠకులతో చెప్పుకొందామని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

మొదట ఒక మాట. విదేశాల పొత్తు మన చదువులకు కొత్త కాదు. నాందేడు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. అప్పటి మన విశ్వవిద్యాలయము ఉస్మానియా. 1918లో ఉర్దూ మాధ్యమముతో దానిని స్థాపించిన నిజాం ప్రభుత్వము, భవనాలు కట్టే వేళకు తన ఇంజనీర్లను ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూచి రమ్మని పంపినది. బెల్జియము దేశపు శిల్పి జాస్పర్ గారిని పిలిపించినది. 1939లో తెరిచిన ఆర్ట్స్ కళాశాల మెట్లు ఎక్కినవారికి ఆ దేశదేశాల తిరుగుడు ఊరికే పోలేదని తెలుస్తుంది. చదువు ఉర్దూలో, గీత బెల్జియమువానిది, రాళ్ళు మోసిన కూలీలు తెలుగువారు.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి ఏడు, 1948లో, మన రాధాకృష్ణ పండితుని అధ్యక్షతన విశ్వవిద్యాలయాల కమిషను వేసినప్పుడు అందులో ముగ్గురు విదేశీయులు సభ్యులుగా ఉన్నారు. ఇంగ్లండు నుండి జేమ్స్ డఫ్, అమెరికా నుండి జాన్ టైగర్ట్, ఆర్థర్ మోర్గన్. ఈ మోర్గన్ గారు అసలు వరదల అదుపు, ఆనకట్టల పని తెలిసిన ఇంజనీరు. అమెరికాలో టెన్నెసీ లోయ సంస్థకు మొదటి అధ్యక్షుడు. ఆయన మన పల్లెలను చూచి గ్రామీణ విశ్వవిద్యాలయాలు పెట్టవలెనని పట్టుబట్టినాడు. తరువాత 1964లో వేసిన కొఠారీ కమిషనులో కూడ రష్యా, జపాను, ఫ్రాన్సు, అమెరికా, ఇంగ్లండు దేశాలవారు కూర్చున్నారు. స్వరాజ్యము వచ్చినది కనుక పరాయివాని సలహా మాకు వద్దని ఆనాటి పెద్దలు అనుకోలేదు. ఇప్పుడు కొందరు అట్లా అంటుంటే మాకు వింతగా ఉంటుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 1951లో మన దేశములో తిండిగింజలకు కరువు వచ్చి అమెరికా నుండి 19 కోట్ల డాలర్ల అప్పు మీద గోధుమలు తెచ్చుకొన్నాము. ఆ అప్పు మీద వచ్చే వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు మళ్ళీ మన చదువులకే, అంటే పుస్తకాలకు, ప్రయోగశాల సామానుకు, అధ్యాపకుల రాకపోకలకు ఖర్చు చేయవలెనని ఏర్పాటు జరిగినది. గోధుమ తిన్నది ఒక తరము, దాని వడ్డీ పుస్తకాలు చదివినది ఇంకొక తరము. మన రాజేంద్రనగరములో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము పెట్టినప్పుడు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము తోడు నిలిచినది. బొంబాయి ఐ.ఐ.టి.కి యునెస్కో ద్వారా సోవియట్ రష్యా, మద్రాసు ఐ.ఐ.టి.కి పశ్చిమ జర్మనీ, కాన్పూరుకు అమెరికాలోని తొమ్మిది విద్యాసంస్థలు, ఢిల్లీకి బ్రిటన్ - ఇట్లా పోటీలు పడి సాయము చేసినవారే. తమలో తాము కత్తులు నూరుకొంటున్న రాజ్యాలు మన దేశములో ప్రయోగశాలలు కట్టుటకు మాత్రము ఎగబడినవి. ఎవరి లెక్కలు వారికి ఉండవచ్చును. మన పిల్లలకు లేతు మిషన్లు వచ్చినవి, వాటిమీద పని నేర్పే ఆచార్యులు వచ్చినారు, మన అధ్యాపకులు అక్కడికి పోయి నేర్చుకొని తిరిగి వచ్చినారు. తిరిగి వచ్చినారు అన్న మాట గుర్తుంచుకోవలె.

ఇక మా ఊరి సంగతి. స్వామి రామానందతీర్థ పెట్టిన విద్యాసంస్థ వారు 1950లో ఇక్కడ పీపుల్స్ కాలేజీ తెరిచినప్పుడు దాని పరీక్షలు ఉస్మానియావే. 1958లో ఔరంగాబాదులో మరాఠ్వాడా విశ్వవిద్యాలయము పుట్టగానే మా ఊరి చదువులు తెలుగు దిక్కు నుండి మరాఠీ దిక్కుకు తిరిగినవి. 1994 సెప్టెంబరు 17న నాందేడులోనే, విష్ణుపురి దగ్గర, స్వామి రామానందతీర్థ పేరనే మరాఠ్వాడా విశ్వవిద్యాలయము వేరుపడినది. ఆ స్వామీజీ పుట్టినది కన్నడదేశపు సిందగిలో, జైలుకు పోయినది హైదరాబాదులో, పేరు నిలిచినది మరాఠీ గడ్డమీద. మూడు భాషలవారమూ మావాడే అంటాము.

ఆ విష్ణుపురిలోనే గురుగోవింద్‌సింగ్‌జీ పేరుమీద 1981లో పెట్టిన ఇంజనీరింగు కళాశాల ఉన్నది. 2003 ప్రాంతములో ప్రపంచబ్యాంకు అప్పుతో దేశములో 127 ఇంజనీరింగు, సాంకేతిక సంస్థలను బాగుచేసే పథకము, టెక్విప్ అంటారు, మొదలైనది. దానిలో ఈ కళాశాల కూడ చేరినది. 2004లో స్వయంపాలన వచ్చినది. ‘అప్పు తెచ్చి చదువేమిటి?’ అని అప్పుడు మా కచేరీలోనే వాదము జరిగింది. అప్పు తెచ్చి పెండ్లిళ్ళు చేసే జాతి మనది; ప్రయోగశాల కడితే తప్పా అని మా అభిప్రాయము.

విదేశాలతో కలిసిన తరువాత వచ్చిన మార్పు ఎక్కడ కనిపిస్తుందో చెప్పమంటే మేము మార్కుల పట్టిక చూపిస్తాము. మా చిన్ననాడు మార్కులంటే నూటికి ఇన్ని, అంతే. ఇప్పుడు సెమిస్టర్లు, క్రెడిట్లు, గ్రేడ్లు. ఐరోపాలో 1999లో ఇటలీలోని బొలోన్యా నగరములో 29 దేశాల మంత్రులు కూడి, ఒక దేశములో చదివిన చదువు ఇంకొక దేశములో చెల్లవలెనని ఒప్పుకొన్నారు. అక్కడ ఏడాది చదువుకు 60 క్రెడిట్లు అని కొలత. మన దగ్గర 2020 జాతీయ విద్యావిధానము తరువాత నాలుగేండ్ల డిగ్రీ, క్రెడిట్ల బ్యాంకు అన్నవి వచ్చినవి. బ్యాంకులో సొమ్ము దాచుకొన్నట్లు చదువు దాచుకోవచ్చునట. మా కిటికీ దగ్గరికి వచ్చే తండ్రులు, ‘వడ్డీ ఎంత?’ అని నవ్వుతారు.

జర్మనీకి పోయే పిల్లల మార్కులు తిప్పే లెక్క ఒకటి ఉన్నది. బవేరియా సూత్రమంటారు. పదికి 8.2 వచ్చిన పిల్ల ఉన్నదనుకోండి, పాసు గీత 4 అనుకోండి. పదిలోనుండి 8.2 తీసివేస్తే 1.8. పదిలోనుండి 4 తీసివేస్తే 6. 1.8ని 6 చేత భాగించి, మూడింట గుణించి, ఒకటి కలపవలె. వచ్చేది 1.9. అక్కడ ఒకటి వచ్చినవాడే అందరికంటె మేలు, నాలుగు దాటితే తప్పినట్లు. ఒక తల్లి ఈ కాగితము చూచి, ‘పదికి రెండు కూడ రాలేదా నా కొడుకుకు?’ అని మా ఎదుట కండ్లనీళ్ళు పెట్టుకొన్నది. ఆమెను బల్లమీద కూర్చోబెట్టి ఈ లెక్క తెలుగులో చెప్పితే గాని తేరుకోలేదు. కొడుకు ఇప్పుడు స్టుట్‌గార్టులో ఉన్నాడు.

ఈ లెక్కలకంటె కష్టమైనది పేరు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. మహారాష్ట్రలో బడి కాగితాల మీద ఇంటిపేరు, తన పేరు, చివర తండ్రి పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి. బడిలో చేర్చిన రోజున గురువుగారు మరాఠీలో ఎట్లా విన్నారో అట్లా వ్రాసినారు. తల్లి లక్ష్మమ్మ అయితే లక్ష్మీబాయి అయినది, గంగవ్వ గంగాబాయి అయినది. మల్లయ్యకు ఒక లకారము ఎక్కడో జారిపోయినది. పుట్టిన పత్రము నిజామాబాదు ఆసుపత్రిది తెలుగులో, బడి మారినప్పటి పత్రము మరాఠీలో, పట్టా ఇంగ్లీషులో. మూడింటిలో ముగ్గురు తల్లులు! ఇక్కడ దాని గురించి ఎవరూ అడగరు. విదేశానికి దరఖాస్తు పెట్టిన రోజున అందరూ అడుగుతారు. ప్రమాణపత్రము, పత్రికలో ప్రకటన, గెజెట్టు - నెలలు పోతవి. బిడ్డను బడిలో వేసేనాడే మూడు కాగితాలలోనూ పేర్లు ఒక తీరుగా ఉన్నవా లేవా అని చూచుకోండని ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు మా మనవి. రెండు భాషల నడుమ బ్రతికేవారము, మనకే ఇది ఎక్కువ కావలె.

ఇంతకాలము ఊరివారి కాగితాలు చూచిన మాకు, పోయిన ఏడు మా ఇంటి కాగితమే బల్లమీదికి వచ్చినది.

మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగు ముగించినది. నీటి పనుల మీద పై చదువు జర్మనీలో చదువుతానన్నది. ఎందుకు జర్మనీ అంటే దాని దగ్గర జవాబు ఉన్నది. ‘బాపూ, మన ధర్మాబాదు దగ్గర బాబ్లీ ఆనకట్టు చూడు. పైన మనము, కింద తెలంగాణ. 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పితే గాని గేట్లు ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దించవలెనో తేలలేదు. రైను నది అయిదారు దేశాలలో పారుతుంది. దానికొరకు ఆ దేశాలు 1950లోనే ఒక కమిషను పెట్టుకొన్నవి. ఆ పని ఎట్లా చేస్తారో చూడవలె’ అన్నది. జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు బాబ్లీ గేట్లు ఎత్తి ఉంచవలెనన్న తీర్పు మాకూ తెలుసు, పేపరులో చదివినాము. కాని దానిని చదువుగా చేసుకొని మా ఇంటి ఆడపిల్ల మాట్లాడుతుందని అనుకోలేదు.

జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చదువుకు ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రములో మాత్రము 2017 నుండి ఐరోపా సమాఖ్య బయటి దేశాలవారికి సెమిస్టరుకు 1,500 యూరోలు పెట్టినారు. ఫీజు లేదు గదా అని సంతోషపడేలోపల ఇంకొకటి చెప్పినారు. ఏడాది తిండికీ బసకూ సరిపడే సొమ్ము ముందే అక్కడి ఖాతాలో కట్టి చూపవలె; నెలనెలా కొంత మాత్రమే చేతికి ఇస్తారు. 2024 సెప్టెంబరు నుండి అది 11,904 యూరోలు, నెలకు 992. మన రూపాయలలో పదకొండు లక్షలు దాటుతుంది. మా కచేరీ జీతముతో చూస్తే అది మూడేండ్ల మాట.

హైదరాబాదులో ఒక సలహాదారు కచేరీకి పోయినాము. చల్లని గది, గోడమీద జెండాలు. మా కాగితాలు చూడకముందే మా ఇల్లు సొంతమా అని అడిగినాడు. సొంతమే అనగానే, ‘మరి భయమెందుకండీ, బ్యాంకు అప్పు మేమే ఇప్పిస్తాము’ అన్నాడు. ఆ ఇల్లు మా నాయన మిల్లులో పనిచేసి, రెండు గదులు ఒకసారి, ఒక వంటిల్లు ఒకసారిగా కట్టినది. మా ఇంటావిడ బయటికి వచ్చి, ‘వాడు పిల్ల మార్కులు అడగనే లేదు, చూచినారా?’ అన్నది. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

దీనిని విదేశీ సహకారమంటారా? మా మట్టుకు ఇది వ్యాపారము. తప్పని అనము, దానిని దాని పేరుతోనే పిలవాలంటాము. నాందేడు నుండి దెగ్లూరు మీదుగా హైదరాబాదు పోయే బస్సు సంగారెడ్డి దాటగానే కంది ఊరు వస్తుంది. అక్కడ ఐ.ఐ.టి. హైదరాబాదు ఉన్నది. 2008లో ఎద్దుమైలారములో తాత్కాలికముగా మొదలై 2015లో కందికి మారినది. దానికి జపాను ప్రభుత్వము తోడు. చవుక వడ్డీ అప్పుతో భవనాలు, టోక్యో విశ్వవిద్యాలయపు శిల్పుల నమూనాలు, ఇక్కడి విద్యార్థులు జపాను పోయి పరిశోధన చేయుటకు వేతనాలు. పల్లెల మధ్య రాళ్ళగుట్టల దగ్గర జపానువాని గీతతో కట్టిన గోడలు బస్సు కిటికీలోనుండి చూచి, ఉస్మానియా జాస్పరు మళ్ళీ పుట్టినాడని అనుకొన్నాము. గోడలు ఇక్కడే ఉంటవి, పోయినవాడు తిరిగి వస్తే అతనికి కూర్చునే చోటు ఉంటుంది. మా అమ్మాయి గేట్ పరీక్ష కూడ వ్రాసినది. కందిలో సీటు వచ్చేటంత అంకె రాలేదు. వస్తే నెలకు 12,400 రూపాయల వేతనముతో ఎం.టెక్. చదివేది, మాకూ ఇంత రాత వ్రాసే పని ఉండేది కాదు.

జర్మనీ సీటు మాత్రము వచ్చినది. ఇంట్లో వారము రోజులు ఎవరికి వారే లెక్కలు. మా ఇంటావిడ తన నగలు తూకము వేయించి వచ్చినది, మాతో చెప్పకుండా. మా అవ్వ ఒకటే మాట - ‘ఏందిరా, ఆడపిల్లను సముద్రాలు దాటించి, ఇల్లు బ్యాంకులో పెట్టి, నువ్వు ఏ చెట్టుకింద ఉంటవు?’ మా బావ నిజామాబాదు నుండి ఫోను చేసి, ఆ పదకొండు లక్షలతో పెండ్లి అయిపోతుందన్నాడు.

తోవ చూపినది మళ్ళీ కాగితాలే. జర్మనీలో డి.ఎ.ఎ.డి. అని 1925లో పుట్టిన సంస్థ ఉన్నది. వర్ధమాన దేశాలవారికి, నీరు, వ్యవసాయము, ఆరోగ్యము వంటి కొన్ని పై చదువులకు నెలనెలా భృతి, దారిఖర్చు ఇచ్చి చదివిస్తుంది. అయితే డిగ్రీ తరువాత కనీసము రెండేండ్లు తన పనిలో అనుభవము ఉండవలె. డిగ్రీ పొంది ఆరేండ్లు మించరాదు. చదివినవాడు తన దేశపు పనికి ఉపయోగపడవలెనన్నది దాని ఉద్దేశము. ఈ నియమము చదువుతున్నప్పుడు మాకు మోర్గన్ గారు గుర్తుకు వచ్చినారు. సలహాదారు గదిలో ఇల్లు అడిగినారు, ఇక్కడ పని అడుగుతున్నారు.

మా అమ్మాయికి ఇది చెప్పినప్పుడు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. తోటి పిల్లలు ముగ్గురు విమానము ఎక్కుతున్నారు. వారితోపాటు పోవలెనని దానికి ఉండదా? మూడో రోజు తానే వచ్చి, ‘రెండేండ్ల తరువాత వేతనము రాకపోతే?’ అన్నది. రావచ్చు, రాకపోవచ్చు, మా వద్ద దానికి జవాబు లేదు. ఇల్లు మాత్రము ఉంటుందన్నాము. ‘ఇల్లు ఉండి ఏమి చేస్తుంది బాపూ?’ అన్నది. ఆ మాటకూ జవాబు లేదు. చివరికి ఆ యేటి సీటు వదులుకొన్నది మేము చెప్పినందుకు కాదు, తల్లి నగల చీటీ కంటపడినందుకు.

ఒక్క ఖర్చు మాత్రము పెట్టినాము. 2022 నవంబరు నుండి జర్మనీ వీసాకు పోయే మన విద్యార్థుల పట్టాలను ఢిల్లీలో వారి రాయబార కార్యాలయపు కేంద్రము సరిచూచి ఏ.పి.ఎస్. పత్రము ఇస్తున్నది. 18,000 రూపాయలు. ఆ పత్రానికి గడువు లేదు. పేర్లు సరిచేయించి, మూడు భాషల కాగితాలూ ఒక తాటిమీదికి తెచ్చి, ఆ పత్రము తెప్పించినాము. అది ఇనుపపెట్టెలో ఇంటి దస్తావేజుల పక్కన ఉన్నది.

అమ్మాయి ఇప్పుడు కాలువ పనుల కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరుగా చేరినది. పొద్దున ఏడు గంటల బస్సుకు బిలోలి వైపు పోతుంది. కొలతల పుస్తకము మరాఠీలో వ్రాస్తుంది, కూలీలతో తెలుగులో మాట్లాడుతుంది, రాత్రి భోజనమైన తరువాత జర్మను పాఠాలు పైకి చదువుతుంది. మా అవ్వకు ఆ భాష వింటే దగ్గు వచ్చినట్లున్నదట. తొమ్మిది నెలలు అయినవి. ఇంకా పదిహేను నెలలున్నవి.

నిజామాబాదు సంబంధము వారు మొన్న మళ్ళీ ఫోను చేసినారు. పిల్లవాడు మంచివాడే. దసరా లోపల మాట చెప్పమన్నారు. చెప్పమని మా అవ్వ అంటున్నది, పదిహేను నెలలు ఆగగలరేమో అడగమని మా ఇంటావిడ అంటున్నది. అడిగి చూస్తామని చెప్పినాము.